బొటనవేలికి షిఫ్ట్ ఇచ్చాక: రెండు ముక్కల కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ తెలుగు

భారతీయ భాషలకు ప్రామాణికంగా ఉన్న కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్. అందులో విశాఖపట్నం అని కొట్టాలంటే షిఫ్ట్ రెండుసార్లు కావాలి, శ కోసం ఒకసారి, ఖ కోసం ఇంకోసారి. అధ్యాయం అని కొడితే మొదటి రెండు అక్షరాలూ షిఫ్ట్ మీదే. ఒత్తు పలికే ఖ, ఘ, ధ, భలు, మాట మొదట్లో వచ్చే అచ్చులు, పైగా ణ, ళ, శ, ష, అన్నీ షిఫ్ట్ మీదే. తెలుగులో ఇవి లేని వాక్యం దొరకడం కష్టం. పాఠ్యపుస్తకాల అనువాదం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ షిఫ్టుల భారమంతా రెండు చిటికెనవేళ్ళ మీదే పడేది. మణికట్టు నొప్పికి ఉపశమనం కోసమని రెండు ముక్కల ఈ 42 కీల మెకానికల్ కీబోర్డు కొన్నాను. ఇప్పుడు దీన్ని వదల్లేకపోవడానికి కారణం మాత్రం బొటనవేలి కింద ఉన్న ఒకే ఒక్క కీ.

మామూలు కీబోర్డులో రెండు బొటనవేళ్ళకూ కలిపి ఉన్నది స్పేస్ బారే. ఇందులో ఒక్కో బొటనవేలికి మూడు కీలు ఉన్నాయి. కుడి బొటనవేలికి స్పేస్ ఇచ్చి, ఎడమ బొటనవేలికి షిఫ్ట్ ఇచ్చాను. అది కూడా నొక్కి పట్టుకోవాల్సిన షిఫ్ట్ కాదు. ఏ కీ ఏం చేయాలో నిర్ణయించే, కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ క్యూఎంకే. అందులో వన్‌షాట్ అనే సదుపాయం ఉంది: ఒకసారి తట్టి వదిలేస్తే, తర్వాత నొక్కే ఒక్క కీకి మాత్రమే షిఫ్ట్ వర్తిస్తుంది. ళ్ళు రాయాలంటే షిఫ్ట్ తట్టు, ళ, పొల్లు, మళ్ళీ షిఫ్ట్ తట్టు, ళ, కొమ్ము. చెబితే పెద్ద తతంగంలా ఉంది కానీ చేతికి ఇది నడకలా వస్తుంది, ఎక్కడా ఏ వేలూ బిగపట్టి ఉండదు. ఒకే సమయంలో రెండు కీలు నొక్కాల్సిన అవసరమే పోయింది. నాకు ఈ కీబోర్డు మొత్తం విలువ ఇందులోనే ఉంది.

షిఫ్ట్ అక్కడికి వెళ్ళిపోవడంతో చివరి వరుసలో రెండు మూలలూ ఖాళీ అయ్యాయి. మామూలు బోర్డులో ఒత్వం ఎక్కడో పైన, అంకెల వరుసకు మొదట్లో ఉంటుంది. ఈ బోర్డులో అంకెల వరుసే లేదు. అందుకని దాన్ని ఎడమ మూలకు తెచ్చాను, ఇప్పుడు ఎత్వం పక్కనే ఒత్వం. కుడి మూలలో జ్ఞ పెట్టాను. జ, పొల్లు, ఞ మూడూ వరసగా పంపే మాక్రో అది. విజ్ఞానశాస్త్రం పాఠాలు చేసేటప్పుడు ఆ కీ ఎంత సుఖమో చెప్పలేను. ఒక విషయం గుర్తుంచుకోవాలి: కీబోర్డుకు తెలుగు తెలియదు, ఏ కీ నొక్కామో అంతే పంపుతుంది, దాన్ని అక్షరంగా మార్చేది కంప్యూటరే. అందుకే భాష మార్చడానికి ఒకే కీ పెట్టుకుంటే ఇప్పుడు ఏ భాషలో ఉన్నామో అని ప్రతిసారీ అనుమానం. విండోస్‌లో ఒక్కో భాషకు విడిగా షార్ట్‌కట్ ఇవ్వొచ్చు. నేను తెలుగుకు ఒక కీ, ఇంగ్లీషుకు ఒక కీ పెట్టుకున్నాను. తెలుగు కీ ఎన్నిసార్లు నొక్కినా తెలుగే.

ఇక కోపం తెప్పించిన సంగతి. హోమ్ రో మాడ్స్ అని ఈ కీబోర్డులు వాడేవాళ్ళు చాలామంది మెచ్చుకునే పద్ధతి ఒకటుంది. మధ్య వరుసలోని అక్షరాలనే పట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్ లాగా పనిచేస్తాయి, తట్టి వదిలితే అక్షరం వస్తుంది. నా బోర్డు ఆ అమరికతోనే వచ్చింది. కంట్రోల్ ఉన్నది ఎడమ మధ్యవేలి కింద, ఇంగ్లీషు డి మీద. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ కీ పొల్లు. ఇంగ్లీషులో డి అప్పుడప్పుడు వచ్చే అక్షరం. తెలుగులో పొల్లు లేకుండా ఒత్తు లేదు, ద్విత్వం లేదు. పైగా వేగంగా కొట్టేటప్పుడు పొల్లు మీద వేలు లేవకముందే తర్వాతి హల్లు పడిపోతుంది. ఒక కీ పట్టి ఉండగా ఇంకో కీ పడితే వెంటనే కంట్రోల్‌గా లెక్కవేసే సెట్టింగ్ అందులో ఉంది. ఫలితం ఏమిటంటే, ఇల్లు అని కొడితే, ల ఇంగ్లీషు ఎన్ మీద ఉంది కాబట్టి అది కంట్రోల్ ఎన్ అయి వర్డ్‌లో కొత్త ఖాళీ డాక్యుమెంటు తెరుచుకునేది. చెప్పు అని కొడితే, ప ఇంగ్లీషు హెచ్ మీద ఉంది కాబట్టి రీప్లేస్ పెట్టె వచ్చేది. ఇవి కనీసం కంటికి కనిపిస్తాయి. అన్న, ఉన్న, చిన్న అనే మాటలతోనే అసలు ప్రమాదం. న ఉన్నది ఇంగ్లీషు వి మీద, కంట్రోల్ వి అంటే పేస్ట్ కాబట్టి, రెండో న పడాల్సిన చోట అంతకుముందు కాపీ చేసిన పేరా మొత్తం వచ్చి అతుక్కునేది. ఏడో తరగతి పాఠం ఒకటి అలాగే పంపితే, ప్రూఫ్ చూసే మేడమ్ ఫోన్ చేసి, "ఈ పేరా మూడుచోట్ల ఉందేంటండీ?" అని అడిగారు. గడువు దగ్గర పడ్డ రోజు అది, ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. కీని ఎంతసేపు నొక్కి ఉంచితే పట్టుకున్నట్టు లెక్కవేయాలో చెప్పే పట్టు సమయాన్ని 200 మిల్లీసెకన్ల నుంచి పెంచి చూశాను, ఆ సెట్టింగ్ తీసేసి చూశాను. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చివరికి హోమ్ రో మాడ్స్ మొత్తం తీసేసి కంట్రోల్‌ని కూడా బొటనవేలి దగ్గరికే పంపాను. ఆ తర్వాత పొల్లు ఎప్పుడూ పొల్లుగానే పడింది. ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఆ పద్ధతి గురించి చెప్పేదంతా నిజమే కావచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కు మాత్రం అది పనికిరాదు, ఈ మాట గట్టిగానే అంటాను.

కొన్న కొత్తలో తెలిసినవాళ్ళందరికీ చెప్పిన రెండు సంగతులు ఇప్పుడు కాస్త సరిచేసి చెప్పాలి. ఎడమ చేతికి గుణింతాలు, కుడి చేతికి హల్లులు, ఈ లేఅవుట్ సరిగ్గా మధ్యకు విడిపోతుంది అన్నాను. చాలావరకు నిజం. కానీ మ, న, వ ఎడమ ముక్కలోనే ఉండిపోతాయి. వ ని కుడి చూపుడువేలితో కొట్టే అలవాటు ఉన్నవాళ్ళకు కొన్ని వారాలు చుక్కలు కనిపిస్తాయి. రెండోది, సోల్డరింగ్ అక్కర్లేకుండా కీల కింది స్విచ్చులు పీకి మార్చుకోవచ్చు కాబట్టి రిపేరు బెంగ లేదన్నాను. స్విచ్చుల వరకు బెంగ లేదు. మేముండేది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించినా తుప్పు ఆగదు. ఆ ఉప్పుగాలి పట్టుకున్నది స్విచ్చులను కాదు, రెండు ముక్కలనూ కలిపే కేబుల్ జాక్‌ని. అల్పపీడనం పట్టి ముసురు వదలని ఒక వారం కుడి ముక్క ఆగిపోయింది. చాలా హల్లులు పోయి, తెర మీద చుక్కల సున్నాలకు తగిలించిన గుడులూ దీర్ఘాలూ మిగిలాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జాక్ తుడిచాక పనిచేసింది. ముసురు రోజుల్లో మళ్ళీ తుడవాల్సి వస్తూనే ఉంది. ఆ కేబుల్ తీసేముందు యూఎస్‌బీ తప్పనిసరిగా పీకేయండి, కరెంటు ఉండగా తీస్తే షార్ట్ అయి లోపలి కంట్రోలర్ పోయే ప్రమాదం ఉంది.

నాకు చిటికెనవేళ్ళ నొప్పి పోయింది, మణికట్టు బాగా నయం. కుర్చీ ఎత్తు కూడా అదే సమయంలో మార్చాను కాబట్టి మణికట్టు సంగతి మొత్తం కీబోర్డు ఖాతాలో వేయలేను. ఇంట్లో మిగతావాళ్ళకు ఇది అస్సలు నప్పలేదు, వాళ్ళ కోసం పాత కీబోర్డు కూడా తగిలించే ఉంచాను. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునేవాళ్ళకు ఈ షిఫ్టుల బాధ ఇంతగా ఉండకపోవచ్చు, వాళ్ళు ఇంత ఖర్చు పెట్టే ముందు ఆలోచించుకోవాలి.

రోజూ ఇన్‌స్క్రిప్ట్ కొట్టేవాళ్ళు కొనేటట్టయితే ఒక్కో చేతికి ఆరు నిలువు వరుసలు ఉన్నదే తీసుకోండి. ఐదు వరుసల 36 కీల బోర్డులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటిలో డ, ట లకు చోటు ఉండదు. రెండూ ఇంకో లేయర్‌లోకి, అంటే వేరే కీ నొక్కితేనే వచ్చే అమరికలోకి పోతాయి.