తండ్రి ప్రేమపై వాక్యం: లూకా 15 తీసుకోవాలా, రోమా 8 తీసుకోవాలా?

ఇంటి ప్రార్థనలో వాక్యం చెప్పే వంతు వచ్చినప్పుడల్లా ఇదే టెన్షన్.

శ్రమ: లూకా 15లోని తప్పిపోయిన కుమారుని కథ అందరికీ తెలిసిందే, ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. రోమా పత్రికలోని 8:14-17 నాలుగే వచనాలు: దేవుడు మనల్ని దత్తత తీసుకుని తన పిల్లలుగా, వారసులుగా చేసుకున్నాడని. కానీ ఆనాటి రోమా సామ్రాజ్యపు దత్తత పద్ధతి చెప్పకపోతే సగం అర్థం కాదు. అక్కడ దత్తుడికి కన్నకొడుకుతో సమానంగా వారసత్వం దక్కేది. రోమా చక్రవర్తి అగస్టస్ దత్తత తీసుకున్న తిబెరియ క్రీ.శ. 14లో చక్రవర్తే అయ్యాడు.

పట్టు: ఇక్కడ లూకాదే పైచేయి. "నన్ను కూలివాడిగా పెట్టుకో" అనాలని, ఆస్తి పంచుకుపోయి అంతా పోగొట్టుకున్న కొడుకు ముందే అనుకుని వస్తాడు. తండ్రి ఎదురు పరుగెత్తి ముద్దుపెట్టుకుంటాడు. ఆ కూలి మాట నోటి దాకా రాకముందే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు.

రిస్క్: లూకాలో, తిరిగొచ్చిన కొడుక్కి తండ్రి చేసిన విందు దగ్గరే ఆపేస్తాం. అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకును బతిమాలడానికీ తండ్రే వెళ్లాడు (నాకైతే అదే అసలు ఘట్టం). రోమాలో వారసత్వం చెప్పి, 17వ వచనంలోని "క్రీస్తుతో శ్రమపడాలి" అన్న మాటను దాటేస్తాం.

సండేస్కూలు పిల్లలు, ఇల్లు విడిచిపోయిన బిడ్డ కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు ఉంటే లూకా. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవారికి రోమా. కన్నతండ్రి చేతిలో దెబ్బతిన్నవారికి కూడా రోమాయే మేలు. కథలో నాన్న కనబడగానే వాళ్లకు సొంత నాన్నే గుర్తొస్తాడు.