అయిదు శ్రుతిలో మొదలై నాలుగున్నరకు దిగిన కథ

విడిపోయిన అక్కచెల్లెళ్లు, ఒకరికి దక్కి మరొకరికి దక్కని పేరుప్రఖ్యాతులు, చివరకు తల్లి మంచం దగ్గర కలయిక అని ఈ నవల అట్ట వెనుక చదివినప్పుడు, ఇది టీవీ సీరియల్ దారిలోనే నడుస్తుందేమోనని అనుమానించాను. ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలో నిలబడి పది పుటలు తిరగేసిన తరువాత ఆ అనుమానం చాలావరకు పోయింది. సంగీతాన్ని అలంకారంగా కాక, ఇంటి పనిగా చూసిన మనిషి రాసిన నవల ఇది.

కథ విజయవాడ సత్యనారాయణపురంలో మొదలవుతుంది. తండ్రి ఆకాశవాణిలో తంబుర కళాకారుడు. జీవితమంతా ఇతరుల పాటకు శ్రుతి పట్టినవాడు. 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రాన్ని, రేడియోలో వచ్చే భక్తిరంజని పాటలతో తెల్లవారే వీధులను, బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాలను రచయిత్రి పేర్లు చెప్పి వదిలేయకుండా కథలో కలిపేసుకున్నారు. ఆకాశవాణి ఆడిషన్‌లో అక్కకు బి గ్రేడు, చెల్లెలికి అంతకన్నా ఒక మెట్టు పైదైన బి-హై వచ్చిన రోజున ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా అనరు. తల్లి మాత్రం ఇద్దరి కంచాల్లోనూ సమానంగా నెయ్యి వేస్తుంది. అసలు చీలిక అక్కడే మొదలైందని పాఠకుడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

చెల్లెలు మద్రాసు వెళ్లి సినిమాల్లో పాడడం, కార్లు, సన్మానాలు, దుర్మార్గుడైన భర్త ఉన్న భాగం నవలలో అతి బలహీనమైనది. కీర్తి మనిషిని లోపల ఏం చేస్తుందో చెప్పవలసిన చోట శాలువాల లెక్క చెప్పారు. పైగా, తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనోత్సవాన్ని మండుటెండల్లో జరిపించారు. ఆ ఉత్సవం జరిగే పుష్య బహుళ పంచమి సాధారణంగా జనవరిలో వస్తుందని ఇంత సంగీతం తెలిసిన రచయిత్రికి ఎవరూ గుర్తుచేయకపోవడం ఆశ్చర్యం.

కాసెట్ అధ్యాయంతో నవల మళ్లీ నిలదొక్కుకుంటుంది. తల్లి దగ్గర ఇద్దరూ కలిసి నేర్చుకున్న మంగళహారతులను చెల్లెలు ఒక్కతే కాసెట్‌గా పాడుతుంది. అట్టమీద అక్క పేరు లేదు, తల్లి పేరు లేదు. ఆ విషయం అక్కకు ఎవరూ చెప్పరు. ఎవరిదో పెళ్లిపందిట్లో వడ్డన చేస్తూ ఉండగా మైకులో తన ఇంటి పాటను వింటుంది. సూలమంగళం సోదరీమణులు, బాంబే సిస్టర్స్ వంటి జంటల పాటలు విని పెరిగిన మనకు, ఒకే ఇంటి రెండు గొంతుల్లో ఒకటి మాయమైతే ఆ పాట ఎంత బోసిగా ఉంటుందో ఈ అధ్యాయం వినిపిస్తుంది.

ఇరవై రెండేళ్ల మౌనం తరువాత వచ్చే కలయికకే ఈ పుస్తకం కొనాలని చెబుతాను. అల్లరి చేసే మతిమరుపులో తల్లి ఆ పాత హారతిని అడుగుతుంది. అక్క పిల్లలకు పాఠం చెప్పే అలవాటు కొద్దీ తంబురను అయిదు శ్రుతికి పెడుతుంది. వయసుతో గొంతు దిగిపోయిన చెల్లెలికి పై షడ్జం (పై స్థాయి 'స') అందక రెండో చరణం దగ్గర ఆగిపోతుంది. అక్క ఆమె వైపు చూడనైనా చూడకుండా తీగలు బిగించే బిరడలు వదులు చేసి, నాలుగు తీగలనూ ఒక్కొక్కటిగా నాలుగున్నర శ్రుతికి, అంటే అర మెట్టు కిందికి దించి, తీగల కింద నాదం కోసం పెట్టే జీవా దారాలు సర్ది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. క్షమాపణ లేదు, కౌగిలింత లేదు. తంబుర శ్రుతి చేయడానికి పట్టేంత సేపూ ఆ గదిలో నిశ్శబ్దాన్ని సాగదీసిన ఓపికకు రచయిత్రిని మెచ్చుకోక తప్పదు. దాని తరువాత వచ్చే ఆస్తి పంపకాల అధ్యాయం మాత్రం లేకపోయినా నష్టం లేదు.

అక్షరాలు పెద్దవి, కాగితం మంచిది. బైండింగు మాత్రం నాసిరకం. నా ప్రతిలో ఒక ఫారం (కలిపి అచ్చువేసి మడిచిన పుటల కట్ట) రెండుసార్లు కుట్టి ఉండగా, దుకాణం వారు మారుమాట లేకుండా వేరే ప్రతి ఇచ్చారు. దానిని గుంటూరులో ఉండే మా అక్క పట్టుకుపోయింది. కాసెట్ విషయంలో తప్పంతా చెల్లెలిదేనని ఆమె, అడగకుండా అలిగి కూర్చున్న కథలోని అక్కదీ ఉందని నేను, ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము.