వనరాజా పుంజుతో నాలుగేళ్లు: బరువు బాగుంది, పొదుగు దగ్గరే బాధ

మా నాటు పెట్టల్లోకి వనరాజా అనే సంకర కోడిపుంజును వదిలి నాలుగేళ్లయింది. దానికి పుట్టిన పిల్లలు నాటువాటికంటే బరువొస్తాయని కోళ్లు పెంచేవాళ్లందరికీ తెలిసిందే. మొదటి ఏడు ఆ పిల్లల్ని చూసి మురిసిపోయి, మా వీధిలో నలుగురి చేత ఈ పుంజును నేనే పెట్టించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు పొదుగు గురించి, అంటే పెట్ట గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని చేయడం గురించి చెబుతున్నా.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి వెనక కొబ్బరి చెట్లు, ఆ పక్కనే పంటకాలువ. ఇంక్యుబేటర్ లేదు, పిల్లలు కావాలంటే పెట్టే పొదగాలి. నాటు పెట్టకి అది ఒకరు నేర్పే పని కాదు. వనరాజా అలా కాదు, ఏడాదికి 110 గుడ్ల దాకా పెట్టే కోడి. పొదుగుకొచ్చిన పెట్ట గుడ్లు మానేస్తుంది కదా, ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే ఏరి పెంచుకుంటూ పోతే ఆ పొదిగే గుణమే తగ్గిపోతుంది. వనరాజా పుంజుకీ నాటు పెట్టలకీ పుట్టిన మా క్రాస్ పెట్టల్లో కొన్ని అసలు కూర్చోవు, కొన్ని కూర్చుని మధ్యలో లేచిపోతాయి.

పోయిన ఏడు సంక్రాంతి వెళ్లాక ఒక ఎర్ర క్రాస్ పెట్టని పదకొండు గుడ్లతో పొదగేశాం. పదిహేను రోజులు బుద్ధిగా కూర్చుంది. పదహారో రోజు తెల్లారి చూస్తే జామచెట్టు కింద మట్టి గీరుకుంటోంది. గుడ్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. "గుడ్డెట్టడం వచ్చుగానీ కూకోడం రాదే దీనికి" అని మా అత్తగారు తల పట్టుకున్నారు. పట్టుకొచ్చి గుడ్ల మీద కూర్చోబెట్టి గంప మూశాను. లోపల కొట్టుకుని రెండు గుడ్లు తొక్కేసింది.

మిగిలిన తొమ్మిదీ చీకటి గదిలో ఫోన్ లైటు మీద పెట్టి చూశాను. ఆరింటిలో పైన కొంచెం ఖాళీ తప్ప అంతా నల్లగా నిండి ఉంది. ఒకదానిలో ఆ నలుపు సన్నగా కదిలింది. నా చెయ్యి వణికింది. ఒక్కరోజు తేడాతో పొదగేసిన మా పాత నల్ల నాటు పెట్ట ఇంకో బుట్టలో ఏడు గుడ్ల మీద ఉంది. పొద్దుగూకాక ఆ ఆరూ దాని రొమ్ము కిందకి తోశాను. నన్ను ఒక పోటు పొడిచి, ముక్కుతో ఒక్కో గుడ్డూ లోపలికి లాక్కుంది. వాటిలో నాలుగు పిల్లలయ్యాయి.

బరువు గురించి కూడా మొదట్లో అన్నంత గట్టిగా ఇప్పుడు అనలేను. క్రాస్ పెట్టకీ క్రాస్ పుంజుకీ పుట్టినవి ఒకే బుట్టలోవైనా ఒకటి బలంగా, ఇంకోటి పీలగా వచ్చాయి. వనరాజాయే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వేరువేరు కోళ్ల వరసలు కలిపి తయారుచేసిన కోడి, దాని పిల్లల పిల్లల్లో ఆ ఎదుగుదల నిలవదు. అందుకే పుంజును బయటి నుంచి మార్చి తెచ్చుకుంటున్నాం. బరువెక్కిన పుంజులు చెట్టెక్కలేక నేల మీదే పడుకుంటాయి, రెండింటిని ముంగిస ఎత్తుకుపోయింది. కొక్కెర తెగులు టీకా వీటికీ తప్పదు.

నేను పగలంతా ఇంటి దగ్గరే ఉంటాను కాబట్టి నాకు కుదురుతోంది. పొద్దున్నే పనికి పోయేవాళ్లకి ఈ కాపలా కష్టం. ఇంక్యుబేటర్ ఉన్నవాళ్లకి ఈ బాధే లేదు, వాళ్లు వనరాజా పుంజును పెట్టుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం గుడ్లు క్రాస్ పెట్టలవి, పొదగడం నాటు పెట్టలది. నాటువి మూడున్నాయి, ఎంతిస్తామన్నా అమ్మడం లేదు. నల్ల పెట్టకి వయసైపోతోంది. నాటు పుంజుకి పుట్టిన దాని పిల్లనొకదాన్ని విడిగా పెంచుతున్నా.