టీఐ సేవలు: పీర్ సంచి నుంచి ఏఆర్‌టీ సెంటర్ దాకా

సెక్స్ వర్కర్లకి హెచ్ఐవీ సోకకుండా చూసే టీఐ ప్రాజెక్టు ఎలా నడుస్తోందో ఆఫీసు గోడకి అంటించిన చార్టులు చూస్తే తెలియదు. పీర్ ఎడ్యుకేటర్, అంటే వాళ్లలోంచే వచ్చి వాళ్ల మధ్య తిరిగే ఆమె, సంచిలో మడత పెట్టి ఉన్న ఆ నెల షీటు చూడాలి, ఎవరెవర్ని కలిసిందో అందులో ఉంటుంది. టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, నెలాఖరున కూర్చుని కొట్టినట్టు ఉంటే ఆ ప్రాజెక్టు కాగితం మీదే నడుస్తోంది. ఒక గడిలో నీలం, ఇంకో గడిలో నలుపు, చెమటకి అలికిపోయిన ఒక మూల, ఒక పేరు ఎదురుగా "ఊరెళ్లింది, పండగయ్యాక వస్తుంది" అన్న మాట ఉంటే అక్కడ మనిషి తిరుగుతోందని నమ్మొచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టీఐ అంటే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్. డబ్బు నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ)ది, అజమాయిషీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థది. నడిపేది స్వచ్ఛంద సంస్థ కావచ్చు, సెక్స్ వర్కర్ల సొంత సంఘమే కావచ్చు. కండోములు, సుఖవ్యాధులకి వైద్యం, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు, కౌన్సెలింగ్, పగలు కాసేపు నడుం వాల్చడానికి డీఐసీ (డ్రాప్ ఇన్ సెంటర్), పోలీసు గొడవైతే సాయం, అన్నీ ఉచితం. ఈ పద్ధతికి మన దేశంలో పునాది వేసింది కోల్‌కతా సోనాగచ్చి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడి ఆడవాళ్లనే పీర్లుగా పెట్టి పని మొదలుపెట్టారు. 1995 నాటికి వాళ్లే దుర్బార్ పేరుతో సంఘం కట్టుకున్నారు, ఉషా అనే సొంత సహకార బ్యాంకు కూడా పెట్టుకున్నారు. మన వైపు ఇది పెద్ద ఎత్తున వచ్చింది 2003లో మొదలైన గేట్స్ ఫౌండేషన్ ప్రాజెక్టు అవాహన్‌తో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో నడిపి, తర్వాత దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు.

సేవ మొత్తానికి ఇరుసు పీర్. నాకో లెక్క ప్రకారం ఒక పీర్‌కి దాదాపు 60 మంది. ఒక్కొక్కరినీ నెలకి రెండుసార్లయినా కలవాలంటే 120 కలయికలు, 25 పనిరోజులనుకుంటే రోజుకి అయిదుగురు. వినడానికి తేలికే. ఆ అయిదుగురిలో ఒకరు బస్టాండు దగ్గర, ఒకరు లాడ్జిలో, ఇద్దరు ఇంటి దగ్గరే చేసేవాళ్లు, అయిదో ఆమె ఫోనెత్తదు. అందుకే మంచి టీఐలో 60 మందిని ఊరి మ్యాపు చూసి పంచరు, ఎవరికి ఎవరు తెలుసో చూసి పంచుతారు. లాడ్జిల్లో చేసేవాళ్లకి లాడ్జి తెలిసిన పీర్, ఇంటి దగ్గర చేసేవాళ్లకి చీరల వ్యాపారం పేరు చెప్పి గుమ్మం తొక్కగలిగిన పీర్. దీన్నే మైక్రోప్లానింగ్ అంటారు. చదువు రాని పీర్లకి బొమ్మల షీట్లుంటాయి: వారానికి ఎంతమంది కస్టమర్లు, తాగుడు ఉందా, కొత్తగా వచ్చిందా, ఈ నెల క్లినిక్‌కి వచ్చిందా, అన్నిటికీ ఒక్కో గుర్తు. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్ల దగ్గరికి ముందు వెళ్లడానికి ఆ గుర్తులు. చాలాచోట్ల వాటిని నింపుతారు, తిరిగి చూడరు. సోమవారం మీటింగులో ఆ షీటు బల్ల మీద పరిచి "ఈ ముగ్గురు రెండు నెలలుగా కనబడలేదు, ఏమయ్యారు?" అని అడిగే ఓఆర్‌డబ్ల్యూ (పీర్ల పని చూసే ఔట్‌రీచ్ వర్కర్) ఉంటే ఆ టీఐకి సగం మార్కులు అక్కడే వేసేయొచ్చు.

పీర్‌కి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. నెలల తరబడి రాకపోతే అందులో గౌరవం ఎక్కడుందో వెతుక్కోవాలి. అది ఆగితే ముందు ఆగేది ఆటో ఖర్చు, ఆ తర్వాత దూరంగా ఉండేవాళ్ల దగ్గరికి వెళ్లడం. రిపోర్టులో మాత్రం అంకె తగ్గదు.

కండోముల దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువ టీఐలు పప్పులో కాలేసేది ఇక్కడే. మనిషికి నెలకి 40 అని లెక్కగట్టి అందరికీ సమానంగా పంచేస్తారు. రోజుకి ముగ్గురు, వారానికి అయిదు రోజులు చేసే ఆమెకు నెలకి 60 కావాలి. చిరిగేవి, తొడగబోతే పాడయ్యేవి పదో వంతు కలిపితే 66. ఇంటి దగ్గర వారానికి నలుగురితో సరిపెట్టుకునే ఆమెకు 18 చాలు. తలా 40 ఇస్తే మొదటామెకు నెలలో 26 తక్కువ, రెండో ఆమె బీరువాలో 22 మిగులు. స్టాకు రిజిస్టర్‌లో ఇద్దరికీ "అందింది" అనే ఉంటుంది. మనిషివారీగా అవసరం లెక్కేసి, ఆమె బయట కొనుక్కునేవి, కస్టమర్ తెచ్చేవి తీసేసి మిగతాది ఇచ్చే చోట ఈ గండి పడదు. కస్టమర్ల సంఖ్య పండగ సీజన్‌లో ఒకలా, వానాకాలంలో ఒకలా ఉంటుంది కాబట్టి ఆ లెక్క మూడు నెలలకోసారైనా తిరగరాయాలి.

డెమో ఎలా చేయిస్తున్నారో కూడా చూడాలి. పీర్ చేసి చూపిస్తే చాలదు, ఎదుటి మనిషి చేత చేయించాలి. తేదీ చూడటం, లోపలి కండోమును వేలితో ఒక పక్కకి నెట్టి రెండో పక్క చేత్తో చింపడం, కొనలో గాలి లేకుండా రెండు వేళ్లతో నొక్కి పట్టడం, మొదటిదాకా విప్పడం, అయిపోయాక మొదట్లో పట్టుకుని బయటికి తీయడం, ముడేసి పారేయడం. తప్పులు దాదాపు ఎప్పుడూ అవే. కంగారులో పళ్లతో చింపుతారు. తిరగేసి పెట్టి, విప్పుకోవడం లేదని అదే కండోమును మళ్లీ తిప్పి తొడుగుతారు. కొబ్బరినూనో వ్యాజ్‌లైనో రాస్తారు, నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది, నీటితో చేసిన జెల్లీయే వాడాలి. గట్టిగా ఉంటుందని రెండు తొడుగుతారు, ఒకదానికొకటి రాసుకుని రెండూ పోతాయి. జాకెట్టులోనో, ఎండలో పెట్టిన బండి డిక్కీలోనో రోజుల తరబడి ఉంచుతారు. డెమో బొమ్మ మీద మొదటిసారే సరిగ్గా చేసిన మనిషి చేత చీకట్లో, కళ్లు మూసుకుని ఇంకోసారి చేయించే పీర్లున్నారు. అది శిక్షణ పుస్తకంలో లేకపోయినా పని జరిగేది చీకట్లోనే కదా.

కస్టమర్ దగ్గర తప్పకుండా వాడేవాళ్లు కూడా పర్మనెంట్ దగ్గర, అంటే భర్తో ప్రియుడో ఉన్నచోట, మానేస్తారు. ఇది అన్నిచోట్లా ఉన్నదే, అయినా షీట్లో దీనికి గడే ఉండదు. "నమ్మకం లేదా" అంటాడని భయం. తెలివైన పీర్ ఉపన్యాసం ఇవ్వదు, ఒక సాకు చేతిలో పెడుతుంది: "తెల్లబట్ట అవుతోందని చెప్పక్కా. డాక్టరమ్మ మందిచ్చింది, మందు వాడినన్నాళ్లూ తొడుగు ఉండాలంది అను." ఆ నెల గడిచాక అలవాటు నిలబడినవాళ్లూ ఉన్నారు, మళ్లీ మానేసినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి మాట సాయం చదువుకున్న కౌన్సెలర్ కంటే పీర్ నోటి నుంచి వస్తేనే చెవికెక్కుతుంది. చిరిగిన రోజు ఏం చేయాలో మాత్రం చాలామంది పీర్లకే సరిగ్గా చెప్పి ఉండరు. వైరస్ తగిలినా ఒంట్లో నిలవకుండా ఆపడానికి ఇచ్చే పెప్ మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు, 28 రోజులు ఆపకుండా వాడాలి. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తేలుస్తారు. పీర్ పని ఆ మనిషిని వెంటనే డాక్టరు ముందు కూర్చోబెట్టడం. "సోమవారం క్లినిక్‌కి రా" అంటే ఆ 72 గంటలు రోడ్డు మీదే అయిపోతాయి.

క్లినిక్ మీద అభిప్రాయం మిశ్రమం. రూలు ప్రకారం మూడు నెలలకోసారి ఆర్ఎంసీ, అంటే నొప్పీ బాధా లేకపోయినా జరగాల్సిన లోపలి పరీక్ష. ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు కాబట్టే ఈ రూలు. స్పెక్యులమ్ పెట్టి గర్భాశయ ముఖద్వారం చూస్తేనే ఆర్ఎంసీ. బల్లకి ఇవతల కూర్చోబెట్టి "తెల్లబట్ట అవుతోందా" అని అడిగి చీటీ రాస్తే అది ఆర్ఎంసీ కాదు. నాకో ఇచ్చే మందుల కిట్లకి రంగులుంటాయి: బూడిద రంగుది ముఖద్వారం వాపుకి, ఆకుపచ్చది యోని స్రావానికి, తెల్లది పుండుకి, పసుపుది పొత్తికడుపు నొప్పికి. చూడకుండా మందిచ్చే క్లినిక్‌లో ఆకుపచ్చ కిట్లు గబగబా అయిపోతుంటాయి, బూడిదవి కదలవు. స్టాకు పుస్తకంలో ఆ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ డాక్టరు బల్ల దగ్గర ఏం జరుగుతోందో చెప్పేయొచ్చు. ఇంకో చిన్న పరీక్ష స్పెక్యులమ్‌లని లెక్కపెట్టడం. క్లినిక్ రోజున పదిహేను మంది వస్తుంటే నాలుగే ఉన్నాయంటే, మధ్యలో స్టెరిలైజ్ చేయడానికి ఆగుతున్నారా, లేక అసలు వాడటమే లేదా? సమాధానం ఎక్కువసార్లు రెండోదే.

సిఫిలిస్ తేలినవాళ్లకి బెంజథీన్ పెన్సిలిన్ సూది, 24 లక్షల యూనిట్లు. రియాక్షన్ భయంతో కొందరు డాక్టర్లు తమ దగ్గర వేయకుండా పెద్దాసుపత్రికి రాసిస్తారు. అడ్రినలిన్ దగ్గర పెట్టుకుని, ఎలర్జీ చరిత్ర అడిగి వేయగలిగే సూది ఇది. రాసిచ్చిన చీటీతో పెద్దాసుపత్రి ఓపీ లైన్లో నిలబడేవాళ్లు కొద్దిమందే, మిగతా చీటీలు పర్సుల్లో నలిగిపోతాయి.

హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఆరు నెలలకోసారి. వేలి చివర చుక్క రక్తం తీసి డీఐసీలోనో హాట్‌స్పాట్‌లోనో (వాళ్లు కస్టమర్ల కోసం నిలబడే చోటు) చేసే స్క్రీనింగ్ బాగా పనికొచ్చింది, ఆసుపత్రి మెట్లెక్కడానికి జంకేవాళ్లు కూడా చేయించుకుంటున్నారు. అయితే అక్కడ వచ్చేది రియాక్టివ్ మాత్రమే, పాజిటివ్ కాదు. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, మూడు వేరువేరు కిట్లతో చేశాకే నిర్ధారణ. ఈ తేడా ముందే చెప్పకుండా వేలు గుచ్చే చోట్ల మనుషులు జారిపోతారు. విండో పీరియడ్ (సోకినా పరీక్షలో ఇంకా కనబడని రోజులు) సంగతీ అంతే. ఈమధ్యే ప్రమాదం జరిగి ఉంటే ఇవాళ్టి నెగటివ్‌ని నమ్ముకోకూడదు, మూడు నెలలకి మళ్లీ చేయించాలని చెప్పి తేదీ రాసివ్వాలి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఒకచోట లైన్ లిస్టు, అంటే అందరి పేర్ల జాబితా, ఫోన్ నంబర్లతో సహా, డీఐసీ టీవీ పక్కన తెరిచి ఉండేది. నీళ్ల క్యాన్ వేసే కుర్రాడు కూడా చదవొచ్చు. కోడ్ నంబర్లు వేరే పుస్తకంలో, పేర్లు తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఖర్చు లేని పని, అయినా జరగదు.

అసలు గండి రియాక్టివ్‌కీ ఏఆర్‌టీ (హెచ్ఐవీకి వాడే మందు) మొదటి మాత్రకీ మధ్య ఉంది. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా పాజిటివ్ అయితే మందు మొదలుపెట్టాలి. రోజుకి ఒకే మాత్ర, మూడు మందులు కలిపిన టీఎల్‌డీ. క్రమం తప్పకుండా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనబడనంతగా తగ్గి, అలాగే నిలబడితే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఇంత మంచి మందు ఉండీ మనిషి దాని దాకా చేరకపోవడానికి కారణాలు చిన్నచిన్నవి. ఐసీటీసీ పగటిపూటే ఉంటుంది, రాత్రంతా పనిచేసినామె అప్పుడు నిద్రలో ఉంటుంది. ఆధార్‌లో ఊరు వేరు. ఏఆర్‌టీ సెంటర్‌లో సొంతూరివాళ్లు ఎవరైనా కనబడతారని భయం. చీటీ రాసిచ్చి పంపే టీఐకీ, పీర్ తోడుగా బస్సెక్కే టీఐకీ ఇక్కడే తేడా తెలుస్తుంది. ఆ తోడు మనిషి తనూ పాజిటివ్ అయ్యుండి, ఏళ్లుగా మందు వాడుతున్నదైతే మరీ మంచిది. డబ్బా గలగలమంటుందని రూమ్‌మేట్ల దగ్గర మందు మానేసే పిల్లకి, బయటికెళ్లేటప్పుడు రెండు రోజుల మాత్రలే చిన్న డబ్బీలో వేసుకోమని, తాగిన రోజైనా మాత్ర మానొద్దని చెప్పేది ఆమే. మొదటి నెలలో ఆ పీర్ ఫోన్ చేసిందా లేదా అన్నది ఏ రిపోర్టులోనూ అడగరు.

పోలీసు గొడవల సాయానికి నేను వేసేది అయిదుకి రెండున్నర మార్కులు. రైడ్ జరిగిన గంటలో స్టేషన్ దగ్గరకి ముగ్గురు నలుగురు వెళ్లగలిగే బృందం, రాత్రిళ్లు కూడా ఎత్తే ఫోన్, పేరు తెలిసిన లాయరు ఉన్నచోట దెబ్బలు తగ్గుతాయి. పర్సులో కండోములు దొరికాయని కేసు అంటే చూపించడానికి 2022 మే నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. ఆరోగ్యం కోసం, భద్రత కోసం వాడేవాటిని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి పీర్ల సంచుల్లో పెట్టిన సంఘాలున్నాయి. స్టేషన్ పెద్దలతో ఏడాదికోసారి టీ తాగి, ఫొటో దిగి "సెన్సిటైజేషన్ అయింది" అని రాసుకునే ప్రాజెక్టులే ఎక్కువ.

ఇక అస్సలు మార్కులు వేయలేనిది ఫోన్ల మీద నడిచే పని. హాట్‌స్పాట్ లెక్కలు బస్టాండ్లూ లాడ్జీలూ ఉన్న రోజులవి. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పంపి, గదికి వెళ్లి, గంటలో తిరిగొచ్చే వాళ్లు ఏ షీట్లోనూ లేరు. వాళ్లకి టీఐ అనేది ఒకటుందనే తెలియదు. వాళ్లని తెలిసినవాళ్లు మాత్రం అదే షీట్లో ఉన్నారు. "నీకు తెలిసిన పిల్లని ఒకర్ని తీసుకురా, దారి ఖర్చు మేమిస్తాం" అని రెండు కూపన్లు చేతిలో పెట్టిన చోట ఆ కొత్త ముఖాలు క్లినిక్‌కి వచ్చాయి. కూపన్ మీద ప్రాజెక్టు పేరు వేయకూడదు, ఫోన్ నంబరు, వేళ ఉంటే చాలు. ఆ వేళ కూడా సాయంత్రం నాలుగు తర్వాతే పెట్టాలి, పొద్దున పదింటికి పెడితే ఎవరూ రారు.