రొయ్యల చెరువుకు డీఓ మీటరు: ఒక పంట వాడిన తరువాత

భీమవరం పరిసరాలలో వనామీ రకం రొయ్యలను సాగు చేస్తున్న నేను, గత వర్షాకాలం పంటకు ముందు డీఓ మీటరు ఒకటి కొన్నాను. నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే ఈ పరికరాన్ని నాలుగు నెలల పాటు, ప్రతిరోజూ తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాడాను.

అంతకుముందు రసాయనపు చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్టు వాడేవాడిని. అది తప్పుడు పరికరమేమీ కాదు. అయితే అసలు ప్రమాదం పొంచి ఉండేది తెల్లవారుజామున నాలుగు గంటలకు. టార్చి వెలుగులో చుక్కలు లెక్కపెట్టి, రంగు గుర్తుపట్టి, మూడు చెరువులూ చూసేసరికి తెల్లవారిపోయేది. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని సూక్ష్మ నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది, రొయ్యలూ, అదే నాచూ, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా మాత్రం రాత్రంతా వాడుకుంటూనే ఉంటాయి. అందుకే కొలత అతి తక్కువగా కనిపించేది సూర్యోదయానికి కాస్త ముందు.

ఈ మీటరు విలువ నాకు తెలిసింది పంట డెబ్బయ్యో రోజు దాటిన తరువాత. మూడు రోజులు ముసురు పట్టింది, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు చెరువులో దింపే చెక్ ట్రేలలో మేత మిగులుతున్నది, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) వేయమని ఒకరు, మినరల్స్ వేయమని మరొకరు సలహా ఇచ్చారు. తెల్లవారుజామున మీటరు ప్రోబును, అంటే నీటిలో ముంచే కొలత కడ్డీని, అడుగు దాకా దింపి చూస్తే లీటరుకు 2.6 మిల్లీగ్రాములే చూపింది. అదే చోట పైనీటిలో 4 దాకా ఉంది. రొయ్య బతికేది అడుగున కనుక, నేను లెక్కలోకి తీసుకోవలసింది అడుగు కొలతే. ఆ పూట మందులు ఏమీ వేయలేదు; మేత సగానికి తగ్గించి, నీటిలోకి గాలిని కలిపే ఏరియేటర్లను రాత్రంతా నడిపించాను. మిగిలినవి ఎన్ని సమృద్ధిగా ఉన్నా, కొరతగా ఉన్న ఒక్కటే ఎదుగుదలను ఆపుతుందని పంటల పోషకాల విషయంలో 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం, ఆ రోజు నా చెరువులో కళ్ళకు కట్టినట్లు కనిపించింది.

ఇక లోపాలు. నేను కొన్న రకానికి ప్రోబు కొసన పలుచని పొర ఉంటుంది. దానిని నీటిలో మెల్లగా కదుపుతూ ఉండకపోతే కొలత తక్కువగా వస్తుంది, బురద పట్టినా అంతే. పొరను, లోపలి ద్రావణాన్ని ఈ పంటలోనే రెండుసార్లు మార్చవలసి వచ్చింది. కాంతితో పనిచేసే ప్రోబులకు ఈ బాధ లేదు, కాని వాటి ధర బాగా ఎక్కువ. అంతకంటే ముఖ్యమైనది సెలైనిటీ (నీటి ఉప్పదనం) సవరణ. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగితే, సముద్రపు నీరు 6.2 దగ్గరే ఆగుతుంది. చెరువు సెలైనిటీని మనం స్వయంగా మీటరులో నమోదు చేయకపోతే, అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించి ధైర్యం చెబుతుంది. ఇంత కీలకమైన విషయం నాకు ఇచ్చిన వాడుక పుస్తకంలో ఒక మూలన ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

ఈ మీటరు ఒక్కటి ఉంటే చాలునని ఎవరూ అనుకోవద్దు. వనామీ సహజ నివాసం మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం, అక్కడ నీటి వేడి సాధారణంగా ఏడాది పొడవునా 20 డిగ్రీలకు పైనే ఉంటుంది. సెలైనిటీ విషయంలో ఎంతో సర్దుకుపోయే ఈ రొయ్య చలికి మాత్రం సర్దుకోలేదు. మన చెరువులలో డిసెంబరు, జనవరి నెలల్లో ప్రాణవాయువు నిండుగా ఉన్నా మేత తగ్గడానికి కారణం అదే. అలాగే మధ్యాహ్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) పెరిగినప్పుడు అమ్మోనియా విషపూరితమయ్యే సంగతి ఈ పరికరానికి తెలియదు. పీహెచ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి), అమ్మోనియా పరీక్షలను ల్యాబులో చేయించుకోవలసిందే.

కొనేవారు ముందుగా కేబుల్ పొడవు, చీకటిలో అంకెలు కనబడే వెలుగు, విడి పొరలు దగ్గర్లో దొరుకుతాయా అన్నవి చూసుకోవాలి. రెండు మూడు చెరువులు ఉన్న రైతుకు ఈ ఖర్చు దండగ కాదని నా నమ్మకం. వచ్చే పంటకు కూడా నేను దీనినే వాడతాను, విడి పొరలు నాలుగు ఇప్పటికే తెచ్చిపెట్టుకున్నాను.