కారు స్కానర్, మల్టీమీటర్, ఒక 21 వాట్ల బల్బు: నాలుగేళ్ళు వాడాక

ఈ మూడింటికంటే ముందు నేను కొన్నది 600 రూపాయల బ్లూటూత్ అడాప్టర్. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో గుచ్చి, ఫోన్లో యాప్ తెరిస్తే కారు తన జబ్బంతా తానే చెప్పుకుంటుందనుకున్నాను. చెప్పింది కూడా, కాకపోతే ఇంజిన్ గురించి మాత్రమే. నా కారు రోగం డ్రైవర్ డోర్లో ఉంది. యాప్ మాత్రం లోపాలేమీ లేవని పచ్చ టిక్కు పెట్టి కూర్చుంది.

కారు పదేళ్ళ పాత జర్మన్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఈ జబ్బు ఏ కారుకైనా రావచ్చు. ఒక వానాకాలం సాయంత్రం గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజా టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చదవలేదు. అద్దం దించుదామని బటన్ నొక్కితే ఒక అంగుళం కదిలి ఆగిపోయింది. సెంట్రల్ లాక్ పనిచేయలేదు, సైడ్ మిర్రర్ కదల్లేదు. వెనకాల లారీవాడి హారన్. చేసేది లేక తలుపు తీసి, కాలు బయటపెట్టి డబ్బులిచ్చాను. తలుపు తెరవగానే లోపల టక్‌మని లాక్ చప్పుడు వినిపించింది, బటన్ల మీద లైట్లు వెలిగాయి, అద్దం దిగింది. అసలు జవాబు ఆ టక్‌మన్న చప్పుడులోనే ఉంది. నాకది అర్థం కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే డోర్ కంట్రోల్ మాడ్యూల్, అంటే తలుపులోని అద్దం, లాక్, మిర్రర్‌లను నడిపే చిన్న కంప్యూటర్, పోయిందన్నారు. కొత్తది తెప్పించాలి, బిగించాక కోడింగ్ చేయాలి అని ఎస్టిమేట్ రాసిచ్చారు. మా ఆవిడ ఆ కాగితం చూసి "తలుపు మొత్తం కొత్తదిస్తారా?" అని అడిగింది. అదే కోపంతో ఆ రాత్రే అన్ని మాడ్యూళ్ళనూ చదివే స్కానర్ ఆర్డర్ పెట్టాను. పదివేల పైచిలుకు అయ్యింది.

మొదట స్కానర్ సంగతి. చౌక అడాప్టర్‌కీ దీనికీ ఉన్న తేడా ధరలో కంటే చూపులో ఉంది. చౌకవాటిలో ఎక్కువ భాగం ఈఎల్ఎం327 అనే చిప్‌కి నకళ్ళు. వాటి మీద 1.5 వెర్షన్ అని రాసి ఉంటుంది, అసలు కంపెనీ ఆ నంబరుతో ఎప్పుడూ వెర్షన్ తేలేదు. వాటితో వచ్చే మామూలు యాప్‌లు పొగకు సంబంధించిన ఇంజిన్ వివరాలే అడుగుతాయి. పైగా మాడ్యూళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే డేటా లైన్లలో, ఆ అడాప్టర్లు చాలావరకు సాకెట్లో 6, 14 పిన్నుల మీదున్నదాన్నే వింటాయి. కొన్ని కార్లలో తలుపులు, లైట్ల వంటి బాడీ మాడ్యూళ్ళు వేరే లైను మీద ఉంటాయి. ఫోర్డ్ కార్లలో చాలావాటికి ఆ లైను 3, 11 పిన్నుల మీద ఉంటుంది. ఇంకొన్నిటిలో మధ్యలో గేట్‌వే అనే డబ్బా కూర్చుని, సరైన భాషలో అడిగితేగానీ లోపలికి పంపదు. నా స్కానర్‌కి ఆ భాష వచ్చు. మొదటిరోజే ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటర్, నాలుగు తలుపులు వరసగా పలకరించుకుంటూ పోయి, డ్రైవర్ డోర్ దగ్గర "జవాబు లేదు" అంది. మిగతా మాడ్యూళ్ళలో ఒకటే ఫిర్యాదు, యూ0199 అనే లోపం కోడ్: డోర్ కంట్రోల్ మాడ్యూల్ ఏతో సంబంధం తెగింది.

ఈ కోడ్ గురించి ముందే ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. పీతో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్స్‌లవి, బీతో మొదలయ్యేవి బాడీవి, యూతో మొదలయ్యేవి నెట్‌వర్క్‌వి. యూ0199 కోడ్‌ని డోర్ మాడ్యూల్ రాయదు, దాని మాట వినపడని మిగతావాళ్ళు రాస్తారు. మనిషి తప్పిపోతే స్టేషన్‌లో కేసు పెట్టేది ఇంట్లోవాళ్ళు కదా, తప్పిపోయినవాడు కాదు కదా. అతను ఎక్కడున్నాడో, ఎందుకు పోయాడో ఆ కాగితంలో ఉండదు. కాబట్టి ఎంతమంది ఫిర్యాదు చేశారో చూడాలి. అందరూ ఒక్క తలుపు గురించే మొత్తుకుంటుంటే ఆ తలుపుకి కరెంటో, ఎర్తో, మాట్లాడే వైర్లో తెగి ఉంటాయి. ఒక్కరే ఫిర్యాదు చేస్తుంటే ఆ ఒక్కరి వైపు కూడా అనుమానించాలి. అందరూ అందరి గురించీ మొత్తుకుంటుంటే ముందు బ్యాటరీ చూడాలి. మా పక్కింటివాళ్ళ కారులో ఒకసారి పేజీన్నర కోడ్‌లు వచ్చాయి. ముసలి బ్యాటరీ, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వోల్టేజీ తొమ్మిదికి దిగువన పడిపోతోంది. బ్యాటరీ మార్చి, కోడ్‌లు చెరిపేసి మళ్ళీ చదివితే ఒక్కటీ రాలేదు.

ఇక మల్టీమీటర్. 900 రూపాయలది, ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. నన్ను ఘోరంగా తప్పుదారి పట్టించింది కూడా ఇదే. తప్పు దానిది కాదు లెండి. డోర్ ప్యాడ్ ఊడదీసి, మాడ్యూల్ కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) పీకి, నల్ల ప్రోబు కారు బాడీకి ఆనించి, ఎర్ర ప్రోబు కరెంటు పిన్నుకి పెట్టాను. 12.4 వోల్టులు. బ్రహ్మాండం అనుకున్నాను. మాడ్యూల్‌కి వెళ్ళే ఎర్త్ వైరుని ఆ కొలతలో నేను ముట్టుకోనేలేదని తట్టలేదు. తర్వాత తట్టింది. నల్ల ప్రోబుని కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకే పెట్టి చూశాను. మళ్ళీ 12.4. దాంతో వైరింగ్ మీద అనుమానం పూర్తిగా పోయింది. కప్లర్‌కి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బిగిస్తే రెండు వారాలు బాగానే నడిచింది కూడా. రెండు వారాలు నయమైనట్టు నటించే ఇలాంటి రిపేర్లంత చెడ్డవి ఇంకేవీ ఉండవు.

మూడో వారం మళ్ళీ అదే వరస. ఈసారి ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను. నేను మీటర్ తీసి 12.4 చూపించబోతే "అది పక్కన పెట్టండి సార్" అని, హోల్డర్‌కి రెండు వైర్లు సోల్డర్ చేసిన బల్బు ఒకటి తెచ్చాడు. వెనక ఇండికేటర్‌లో వాడే 21 వాట్లది. కప్లర్‌లో కరెంటు పిన్నుకొకటి, ఎర్త్ పిన్నుకొకటి తగిలించాడు. బల్బు నారింజ రంగులో, గుళ్ళో నూనె అయిపోతున్న దీపంలా వెలిగింది. "ఇప్పుడు తలుపు మెల్లగా మూయండి" అన్నాడు. సగం మూసేసరికి ఆరిపోయింది. పూర్తిగా తెరిస్తే భగ్గున వెలిగింది.

"అన్నా, మరి మీటర్ 12 చూపిస్తోందిగా?"

"మీటర్ ఏం తాగుతుంది సార్, చుక్క కూడా తాగదు. దీనికి తాగించండి."

అంతకంటే బాగా నేను చెప్పలేను గానీ లెక్క ఇది. డిజిటల్ మీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు, దాని గుండా వెళ్ళే కరెంటు లేనట్టే లెక్క. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్‌కి పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. 21 వాట్ల బల్బు దాదాపు ఒకటిముప్పావు ఆంపియర్లు లాగుతుంది. ఒక్క పోగు ఆ బరువు మోయలేదు. నా అద్దం ఒక అంగుళం కదిలి ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. ఖాళీగా ఉన్నంతసేపు మాడ్యూల్ బతికే ఉండేది. మోటార్ కరెంటు లాగగానే ఎర్త్ చాలక మాడ్యూల్ సొమ్మసిల్లేది, మిగతావాళ్ళు వెంటనే మిస్సింగ్ కేసు పెట్టేవాళ్ళు.

తలుపుకీ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాన్ని వెనక్కి లాగాడు. పైకి వైర్లన్నీ శుభ్రంగానే ఉన్నాయి. ఒక్కొక్కటే రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగుతూ పోయాడు. లావుపాటి గోధుమరంగు వైరు దగ్గర మాత్రం తొడుగు చూయింగ్ గమ్‌లా సాగింది. లోపల రాగి లేదు. బ్లేడుతో చీరితే ఆకుపచ్చ పొడి, రెండు పోగులు. జర్మన్ కార్లలో గోధుమరంగు ఎర్త్‌ది. పదేళ్ళలో ఆ తలుపు ఎన్ని వేలసార్లు తెరుచుకుందో, అన్నిసార్లూ ఆ ఒక్కచోటే వంగింది.

అతుకు వేసే పద్ధతి కూడా చూసి నేర్చుకున్నాను. విరిగినచోటే సోల్డర్ చేస్తే అక్కడ వైరు కడ్డీలా బిగుసుకుని, పక్కనే మళ్ళీ విరుగుతుంది. గొట్టం లోపలున్న ముక్క మొత్తం తీసేసి, సన్నటి పోగులు ఎక్కువుండే మెత్తటి వైరు కొంచెం పొడవుగా వేసి, అతుకులు రెండూ వంపులేని చోటికి, అంటే ఒకటి బాడీలోకి, ఒకటి తలుపులోకి జరిపాడు. పక్కనున్న రెండు డేటా వైర్ల మెలిక విప్పనివ్వలేదు. ఆ మెలిక అందానికి కాదు, బయటి గోల రెండిటి మీదా సమానంగా పడి రద్దయిపోవడానికి. ఇది జరిగి మూడేళ్ళు దాటింది, ఆ కోడ్ మళ్ళీ రాలేదు. మాడ్యూల్ పాతదే.

బల్బు కనపడిందని అన్నిచోట్లా పెట్టకండి. క్యాన్ వైర్ల మీద, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద (సాధారణంగా పసుపు కప్లర్లు) అస్సలు వద్దు. డేటా వైర్లకి మీటరే సరైనది. హై స్పీడ్ లైనైతే బ్యాటరీ తీసేసి రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి, రెండు చివర్లా 120 ఓముల నిరోధకాలు ఒక్కొక్కటి ఉంటాయి కాబట్టి. 120 వచ్చిందంటే ఒక చివర తెగినట్టు. కాకపోతే గేట్‌వే ఉన్న కార్లో సాకెట్ దగ్గర 60 వచ్చినంత మాత్రాన తలుపు వైపు లైను బాగున్నట్టు కాదు. పాత కార్లలో తలుపులకి వాడిన నిదానపు క్యాన్‌కి ఈ 60 లెక్క అసలు వర్తించదు. నేను ఒక పూట దాని కోసం వెతికి టైము వృథా చేసుకున్నాను.

నిజంగా మాడ్యూలే పోయిన సందర్భమూ ఉంది. మా బావ కారులో ఎడమ ముందు తలుపు జవాబివ్వలేదు. బల్బు దేదీప్యమానంగా వెలిగింది, డేటా వైర్లూ బాగున్నాయి. ప్యాడ్ తీస్తే మాడ్యూల్ మీద తెల్లటి ఉప్పు పొర. ఏడాది క్రితం కొత్త స్పీకర్లు బిగించినవాళ్ళు లోపలి ప్లాస్టిక్ షీటు చించి, మళ్ళీ అంటించకుండా వదిలేశారు. అద్దం మీదుగా దిగిన వాననీళ్ళు నేరుగా దాని మీదే కారాయి. అక్కడ మాడ్యూల్ మార్చక తప్పలేదు.

స్కానర్‌తో నాకున్న చిరాకులు చెప్పాలి. సాకెట్లో మరిచిపోతే కారుని నిద్రపోనివ్వదు, ఒకసారి ఊరెళ్ళొచ్చేసరికి బ్యాటరీ కూర్చుంది. బ్లూటూత్ మధ్యలో తెగితే మొదటినుంచీ చదవాలి. అన్నిటికంటే నచ్చింది లైవ్ డేటా. తలుపు స్విచ్ స్థితి తెర మీద పెట్టుకుని రబ్బరు గొట్టాన్ని ఊపుతుంటే ఏ వంపులో మాట తెగుతుందో కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు చేసే పని ఒక్కడినే చేసుకుంటున్నాను.

ఉచిత అప్‌డేట్‌ల గడువు రెండేళ్ళకే అయిపోయింది, డబ్బు కట్టమని తెరిచినప్పుడల్లా అడుగుతోంది. కట్టలేదు. నా కారు పాతది కాబట్టి పాత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచిపోతోంది. కారు మారిస్తే అప్పుడు చూడాలి.