బాక్స్ డ్రెయినా, చెరువా: శివారు కాలనీకి ఏది మేలు?

హైదరాబాద్ శివారులో మా కాలనీ రెండు చెరువుల మధ్య ఉంది. పై చెరువు నిండితే నీళ్లు మా వీధుల మీదుగానే కింది చెరువుకు పోవాలి. ఏటా వానాకాలం ముందు జరిగే సమావేశంలో అందరూ అడిగేది ఒకటే: పెద్ద బాక్స్ డ్రెయిన్, అంటే పెట్టె ఆకారంలో కట్టే కాంక్రీటు కాలువ. వెనక కుర్చీలో కూర్చునే పెద్దాయన ఒకరు మాత్రం "ముందు చెరువు సంగతి చూడండయ్యా" అంటారు. నవ్వి ఊరుకునేవాళ్లం. ఈసారి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను.

పై చెరువుకు నీరు పంపే కాలనీలు 100 ఎకరాలు ఉన్నాయనుకుందాం. అంతా సిమెంటు, గచ్చు. నేలలోకి ఇంకేది దాదాపు లేదు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరు సుమారు 2 కోట్ల లీటర్లు, అంటే సెకనుకు 5,600 లీటర్లు. 2 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న బాక్స్ డ్రెయిన్‌లో నీరు నిండుగా, సెకనుకు 2 మీటర్ల వేగంతో పారితే 6,000 లీటర్లు పోతాయి. లెక్కకు సరిపోయినట్టే. కాకపోతే మా కాలనీలో పడిన వానకు అందులో చోటు లేదు. పైగా ఆ 6,000 లీటర్లు పూడిక లేని కొత్త కాలువ మాట.

మా మూల మీద పాత కాలువ మూత తీసినప్పుడు చూశాను. తాగునీటి గొట్టం ఒకటి కాలువకు అడ్డంగా పోతోంది. దానికి ఒక దుప్పటి, కొబ్బరి బోండాలు, సిమెంటు సంచి చిక్కుకుని చిన్న ఆనకట్ట కట్టాయి. దాని వెనక మోకాలి లోతు ఇసుక. వెడల్పాటి ఆ కాలువ పది అడుగులు దాటగానే నడుం పట్టేంత గొట్టంలోకి దిగుతుంది. అక్కడి నుంచి వేరే పురపాలిక హద్దు అని ఇన్నాళ్లూ చెప్పారు. 2025 డిసెంబరులో శివారు పురపాలికలు 27 జీహెచ్‌ఎంసీలో (హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో) కలిశాయి కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు. కాలువ పని ఎప్పుడూ కింది కొస నుంచి పైకి రావాలి. పైన వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలేస్తే మన నీళ్లను పక్క కాలనీవాళ్ల పడకగదికి పంపినట్టే.

ఇక చెరువు. 10 ఎకరాల చెరువులో నీటిమట్టం అర మీటరు పెరిగితే 2 కోట్ల లీటర్లు ఆగుతాయి. అంటే ఆ గంట వాన మొత్తం! 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య చెప్పిందీ ఇదే తోవ: నగరానికి పైనే నీటిని ఆపమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

అయితే పెద్దాయన మాటలో ఒక మెలిక ఉంది. పూర్వం జూన్ నాటికి చెరువు ఎండి, వానకు చోటు ఇచ్చేది. ఇప్పుడు మురుగు చేరి ఏడాది పొడవునా నిండుగానే ఉంటోంది. నిండు కుండలో ఎన్ని నీళ్లు పోస్తాం? మురుగును దారి మళ్లించి, తూము బాగుచేసి, వానలకు ముందే మట్టం దించితేనే ఆ అర మీటరు దక్కుతుంది. కట్ట బలహీనంగా ఉంటే చెరువే ముప్పు. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవేను కోసేసింది. బాలాపూర్ గుర్రం చెరువు గండి పడి కింద ఉన్న బస్తీలు మునిగాయి.

నగరం నడిబొడ్డున రోడ్ల పక్కన నీరు నిలిచే చోట్ల భూగర్భ ట్యాంకులు కడుతున్నారు. కూడలికి పనికొస్తాయి. మా లెక్కకు 10 లక్షల లీటర్ల ట్యాంకులు 20 కావాలి, స్థలం ఎవరిస్తారు?

డబ్బు విషయంలోనూ మూడు దారులున్నాయి. ప్రభుత్వ నిధి అయితే కొత్త కట్టడాలకు బాగుంటుంది. 2020 వరదల తర్వాత మొదలైన నాలాల అభివృద్ధి పథకం తొలి దశలో 985 కోట్ల రూపాయలతో 58 పనులు తీసుకున్నారు. అందులో శివారు పురపాలికలకు 21 పనులు, 238 కోట్లు. కానీ అలాంటి నిధి మునిగాకే వస్తుంది. పూడికతీతకు ఏటా రాదు. అప్పు తేవచ్చు, 2018లో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది కూడా. కాలువ మాత్రం టోలు వసూలు చేయదు, వడ్డీ ఇంటి పన్ను నుంచే కట్టాలి.

మూడోది చిన్న రుసుము. డల్లాస్ శివారు ప్లానోలో ఉండే మా తమ్ముడికి నీటి బిల్లుతో పాటే వాననీటి కాలువల రుసుము వస్తుంది. ఇంటి స్థలంలో నీరు ఇంకని భాగాన్ని బట్టి లెక్క. ఇక్కడ ఈ మాట ఎత్తితే నన్ను సభ నుంచి పంపించేస్తారని తెలుసు. అయినా వాకిలంతా గచ్చు చేసినవారూ, రెండు చెట్లకు మట్టి వదిలినవారూ ఒకేలా కట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆ సొమ్ము వేరే ఖాతాలో ఉండి, పూడికకూ తూముకూ తప్ప ఖర్చు కాకూడదన్న షరతు మీద నేను ఒప్పుకుంటాను.

నా ఓటు ముందు చెరువుకే: మురుగు మళ్లింపు, కట్ట, తూము. ఆ తర్వాత కింది కొస నుంచి కాలువ, అదీ మా వాన మోసేంత. పెద్ద పనులకు ప్రభుత్వ సొమ్ము, ఏటేటా నిర్వహణకు రుసుము. అప్పు వద్దు.

వచ్చే సమావేశంలో ఇంజినీరు గారిని బాక్స్ డ్రెయిన్ కొలతలు అడగను. పై చెరువు తూము షట్టర్ తిప్పే చక్రం పనిచేస్తోందా, దాని తాళం ఎవరి దగ్గరుంది అని అడుగుతాను.